ఫ్రాన్సెస్ టావెర్ను: ఒక పాత పూటకూటి ఇంటి చరిత్ర

గత వేసవి సెలవులలో మన పాఠశాల పాత హాలు గోడలకు ఉబ్బిన పూత ఊడ్చి క్రొత్త పూత వేయించుచుండగా, ఉత్తరపు గోడలో ఇటుకలతో మూసివేసిన ఒక కమాను ద్వారము బయటపడినది. తాపీమేస్త్రి మమ్ము పిలిచి, "దీన్ని ఉంచమంటారా, మూసేయమంటారా?" అని అడిగెను. ఆ ద్వారము ఎప్పటిదో, ఎవరు మూయించిరో, ఏల మూయించిరో మాకు తెలియదు. సంఘపు పెద్దలలో ఒకరు అది బండ్లు నిలుపు చోటికి దారి యనిరి. మరియొకరు అక్కడ దారియే లేదనిరి. కట్టడపు పటము కొరకు ఆఫీసు బీరువాలన్నియు వెదకితిమి, దొరకలేదు. పని ఆగరాదను తొందరలో దానిని మరల పూయించివేసితిమి. ఒక్క ఫోటో యైనను తీయించి యుంచవలెనను ఊహ మాకు ఆనాడు తట్టలేదు.

పాఠశాల తెరచిన పిమ్మట, ఆ పనిని చూచియున్న 7వ తరగతి బాలుడొకడు మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, ఆ గుమ్మం ఎక్కడికి పోయేదండీ?" అని అడిగెను. మేము సమాధానము చెప్పలేకపోతిమి.

ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. అందుచేతనే ఈ సంవత్సరపు సంచికలో తల్లిదండ్రులకు ఒక దూరదేశపు పాత ఇంటి సంగతి వివరింపవలెనని తలచితిమి. ఆ ఇల్లు అమెరికా దేశమున న్యూయార్కు నగరములో, మన్‌హాటన్ ద్వీపపు దక్షిణపు కొనలో, పెర్ల్ వీధియు బ్రాడ్ వీధియు కలియు మూలయందున్నది. దాని పేరు ఫ్రాన్సెస్ టావెర్ను.

టావెర్ననగానేమి?

టావెర్నను మాట వినగానే సారా దుకాణమని తలచి, పిల్లల పత్రికలో ఇదేమి వ్రాతయని కొందరు ముఖము చిట్లింపవచ్చును. 18వ శతాబ్దమున టావెర్ను కేవలము పానశాల కాదు. బాటసారులకు భోజనమును పడకయు దొరకు చోటు అదియే. వర్తకులు బేరములాడుకొను చోటు, ఉత్తరములు అందుకొను చోటు, సభలు జరుపుకొను చోటు అదియే. నగరములో పెద్ద గదులున్న ఇండ్లు కొద్ది కనుక పది మంది కూడి మాటలాడవలసిన ప్రతి పనికిని టావెర్నే దిక్కు.

మనకు ఇట్టి ఇండ్లు క్రొత్త కావు. ఓరుగల్లు నగరమును వర్ణించు క్రీడాభిరామములో సొమ్ము పుచ్చుకొని అన్నము పెట్టు పూటకూటి ఇంటి ప్రసక్తి కలదు. గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను ఎరుగని తెలుగువారుండరు. ధర్మమునకు పెట్టునది సత్రము, డబ్బునకు పెట్టునది పూటకూటి ఇల్లు. టావెర్ను ఈ రెండవ తెగకు చేరినది. అయితే అందు మద్యమును కూడ అమ్మెడివారు, ఊరి పెద్దల సభలును జరిగెడివి.

ఇల్లు పుట్టిన విధము

17వ శతాబ్దపు నడుమ వరకు న్యూయార్కు నగరము డచ్చివారి వలస గ్రామము. అప్పుడు పెర్ల్ వీధి ఈస్ట్ నది ఒడ్డునే యుండెడిది. తరువాత నదిని పూడ్చి నేలను పెంచుకొనుచు పోయిరి గనుక నేడు ఆ వీధి నీటికి దూరమైనది. ఈ స్థలమున 1671లో స్టెఫానస్ వాన్ కోర్ట్‌లండ్ అను డచ్చి ప్రముఖుడు ఇల్లు కట్టుకొనెను. అతని కుమార్తెను ఎతియెన్ డిలాన్సీ అను ఫ్రెంచి వర్తకుడు వివాహమాడెను. ఇతడు ప్రొటెస్టెంటు మతస్థుడగుటచే స్వదేశమున నిలువలేక వలస వచ్చిన వాడు. న్యూయార్కులో స్టీఫెన్ అని పేరు మార్చుకొనెను. మామగారు 1700లో ఈ స్థలమును అతనికి వ్రాసి యిచ్చిరి. అతడు 1719లో అక్కడ పెద్ద ఇల్లు కట్టించెను.

డచ్చివారి స్థలమున, ఇంగ్లీషువారి ఏలుబడిలో, ఫ్రెంచి వలసదారుడు కట్టిన ఇల్లిది. కట్టుటకు వాడిన చిన్న పసుపు ఇటుకలు హాలండు దేశమునుండి దిగుమతి చేసికొనబడినవి. మాతృదేశమును విడిచి వేరొక భాష నడుమ కాపురముండు వారి ఇండ్లలో ఇట్టి కలయిక తప్పదు. తరతరములుగా పరభాషా ప్రాంతమున నివసించుచున్న మన కుటుంబముల వారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

1762లో సామ్యూల్ ఫ్రాన్సెస్ అను వంటశాల వ్యాపారి ఈ ఇంటిని కొని టావెర్నుగా మార్చెను. ఇంగ్లండు రాణి షార్లెట్ బొమ్మను ద్వారముపై వ్రేలాడదీయించెను గనుక జనులు దానిని 'రాణి తల' అని పిలిచెడివారు. ఆ కాలమున చదువురాని వారికి కూడ గురుతు తెలియుటకై దుకాణములపై బొమ్మలు కట్టుట ఆచారము. ఫ్రాన్సెస్ చేతి వంటకు నగరమున మంచి పేరు. తరువాతి కాలమున జార్జి వాషింగ్టన్ అమెరికా అధ్యక్షుడైనప్పుడు అతని గృహనిర్వాహకుడుగా కూడ పని చేసెను.

ఆ గదులలో జరిగిన పనులు

1768లో న్యూయార్కు వర్తకులు ఈ ఇంటిలోనే సమావేశమై తమ వర్తక మండలిని స్థాపించుకొనిరి. 1775 ఆగస్టులో ఇంగ్లీషు యుద్ధనౌక 'ఏషియా' నగరముపై ఫిరంగులు కాల్చగా ఒక గుండు ఈ ఇంటి కప్పును చీల్చుకొని పోయెను.

యుద్ధము ముగిసిన 1783వ సంవత్సరమున ఈ టావెర్నులో రెండు గొప్ప ఘట్టములు జరిగినవి. మొదటిది అందరును ఎరిగినది కాదు. కాని మాకు అదియే ముఖ్యమని తోచుచున్నది.

యుద్ధకాలమున ఇంగ్లీషువారు, తిరుగుబాటుదారుల వద్దనున్న నల్లజాతి బానిసలు తమ పక్షమునకు వచ్చినచో వారికి స్వేచ్ఛ ఇత్తుమని ప్రకటించియుండిరి. వేలాది మంది వచ్చిరి. యుద్ధమున ఓడి ఇంగ్లీషువారు నగరము వదలి పోవు వేళ, పాత యజమానులు తమ బానిసలను తమకు అప్పగింపుమని పట్టుబట్టిరి. అప్పుడు 1783 మే మొదలు నవంబరు వరకు ప్రతి బుధవారము ఈ టావెర్నులో విచారణ జరిగెను. ఒక్కొక్కరును వచ్చి తాము ఎప్పుడు, ఎట్లు వచ్చినదియు చెప్పుకొని, తమ స్వేచ్ఛను నిరూపించుకొనవలసి యుండెను. అధికారియగు బ్రిగేడియర్ జనరల్ సామ్యూల్ బర్చ్ పేర పత్రములు ఈయబడెను. ఇట్లు ఓడలెక్కి నోవా స్కోషియా మున్నగు చోట్లకు వెళ్లిన ఇంచుమించు 3,000 మంది పేరు, వయస్సు, ఆకారపు గురుతులు, పూర్వపు యజమాని, ఎక్కిన ఓడ అన్నియు ఒక పెద్ద చిట్టాలో వ్రాయబడినవి. ఆ కాలపు మాటలో దానిని 'నీగ్రోల పుస్తకము' అనిరి. ఆ చిట్టా నేటికిని భద్రముగా నున్నది. అందు పేరున్నవారి మునిమనుమలు తమ పూర్వుల జాడను దానియందు వెదకికొనుచున్నారు.

రెండవ ఘట్టము అమెరికాలో బడిపిల్లలకును తెలిసినదే. 1783 నవంబరు 25న ఇంగ్లీషు సేనలు నగరమును విడిచి పోయినవి. డిసెంబరు 4న సేనాపతి వాషింగ్టన్ ఈ ఇంటి రెండవ అంతస్తులోని 'పొడుగు గది'లో తన అధికారులను కలిసికొని, ఒక్కొక్కరిని కౌగిలించుకొని, కన్నీటితో వీడ్కోలు చెప్పెను. ఆ గదిలో నున్న బెంజమిన్ టాల్‌మడ్జ్ అను అధికారి 1830లో తన జ్ఞాపకములను వ్రాయుచు ఆ దృశ్యమును వర్ణించెను. దాదాపు అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట అతడు వ్రాసిన ఆ వ్రాతయే ఈ ఇంటికి తరువాత ప్రాణము పోసినది. అదెట్లో ముందు చెప్పెదము.

1785లో ఫ్రాన్సెస్ ఇంటిని అమ్మివేసెను. క్రొత్త దేశపు విదేశాంగ, ఆర్థిక, యుద్ధ శాఖల కచేరీలు 1788 వరకు ఇందే నడచినవి. నిన్నటి భోజనశాల నేటి సచివాలయమైనది!

ఇల్లు తన రూపమును మరచిపోయిన కాలము

19వ శతాబ్దమున ఈ ఇంటి భాగ్యము తగ్గెను. అద్దె గదుల ఇల్లుగా మారెను. ఆ శతాబ్దమున పలుమారులు అగ్నిప్రమాదములు జరిగినవి. 1852లోని అగ్నిప్రమాదము తరువాత చాలభాగము మరల కట్టవలసి వచ్చెను. పైన అంతస్తులు చేర్చిరి. వాలు కప్పు పోయి చదును కప్పు వచ్చెను. 1890లో క్రింది భాగమును వీధి మట్టమునకు దించి ముందువైపు మార్చివేసిరి. అప్పుడు తీసిన పాత దూలములను ముక్కలు చేసి జ్ఞాపిక వస్తువులుగా అమ్మిరట! ఇంటి ఎముకలనే ముక్కలుగా అమ్మిన ఈ సంగతి చదివినప్పుడు మాకు నవ్వవలెనో ఏడ్వవలెనో తోచలేదు.

తప్పు ఎవరిదని చెప్పగలము? ప్రతి యజమానియు తన కాలపు అవసరమునకు తగినట్లు మార్చుకొనెను. మార్చుటకు ముందు ఇల్లు ఎట్లున్నదో చూపు పటము మాత్రము మిగులలేదు.

20వ శతాబ్దారంభమున యజమానులు ఇంటిని పడగొట్టింప తలపెట్టిరి. అది విని కొన్ని సంఘములు, అందును స్త్రీల సంఘములు ముఖ్యముగా, ఆందోళన చేసి అడ్డుకొనినవి. 1904లో 'సన్స్ ఆఫ్ ది రివల్యూషన్' అను సంఘము ఇంటిని కొనివేసెను. దానికి కావలసిన ధనము ఫ్రెడరిక్ సామ్యూల్ టాల్‌మడ్జ్ అను సంఘాధ్యక్షుడు మరణశాసనముతో విడిచిపోయినది. అతడెవరు? 1830లో ఆ వీడ్కోలు దృశ్యమును వ్రాసియుంచిన బెంజమిన్ టాల్‌మడ్జ్‌కు మనుమడు! తాత ఒక గదిని కాగితముపై నిలిపెను. మనుమడు ఆ గది యున్న ఇంటినే నిలిపెను. తాత వ్రాసియుండనిచో ఆ పొడుగు గదికి విలువ కట్టువారెవ్వరు?

తిరిగి కట్టుట: నిజమెంత, ఊహ యెంత?

ఇంటిని పూర్వరూపమునకు తెచ్చు పని విలియం మెర్సరో అను శిల్పికి అప్పగింపబడినది. ఆ పని 1907లో ముగిసినది. వీడ్కోలు జరిగిన తేదీయగు డిసెంబరు 4నాడే ఇల్లు ప్రజలకు తెరువబడెను.

శిల్పి పని యెట్లు సాగినదో గమనింపదగినది. పూర్వపు పటము లేదు. తరువాత చేర్చిన పై అంతస్తులను తీసివేయించెను. పాత కప్పు ఏ వాలున నుండెనో తెలియుటకు ప్రక్క ఇంటి గోడ ఇటుకలపై మిగిలిన గీతను ఆధారముగా గొంటినని అతడు చెప్పెను. మన ఊళ్లలోను ఒక పెంకుటిల్లు పడిపోయిన తరువాత దాని కప్పు వాలు ప్రక్క మేడ గోడపై మరకగా మిగిలియుండుట మనము చూచినదే. అట్టి మరకయే అక్కడ సాక్ష్యమైనది. మిగిలిన వివరములకు అదే కాలపు వేరొక భవనమును, అనగా యాంకర్స్ పట్టణములోని ఫిలిప్స్ వారి భవంతిని, నమూనాగా తీసికొనెను.

ఇప్పుడు మనము చూచు ఇల్లు ఇది. ఇటుక గోడలు, ఒక క్రమముగా తీర్చిన కిటికీల వరుసలు, నాలుగు ప్రక్కలకును వాలిన కప్పు, ఆ కప్పులో వెలుతురు కొరకు పొడుచుకొని వచ్చిన చిన్న కిటికీలు, కప్పు నెత్తిన చుట్టును కటకటాల వరుస. ఇంగ్లండులో జార్జి పేరుగల రాజుల కాలమున వాడుకలో నుండుటచే ఈ పద్ధతిని 'జార్జియన్' శైలి యందురు. కుడియెడమలు సమముగా నుండుట, అలంకారము తక్కువగా నుండుట దీని లక్షణములు. లోపల క్రింది భాగమున భోజనశాల, పై అంతస్తులలో చారిత్రక వస్తుప్రదర్శనశాల నడుచుచున్నవి. పొడుగు గదిని 18వ శతాబ్దపు టావెర్ను గదివలె బల్లలతో కుర్చీలతో తీర్చి చూపుచున్నారు.

అయితే ఇది 1719 నాటి ఇల్లేనా? ఈ ప్రశ్న శిల్పి కాలమునుండియు ఉన్నది. పాత గోడలు కొంత నిజముగా నిలిచినవి. కప్పునకు ఒక గీత ఆధారము. తక్కినది చాలవరకు ఆ కాలపు ఇండ్లు సాధారణముగా ఎట్లుండెడివో తెలిసికొని చేసిన ఊహ. దీనిని మన్‌హాటన్‌లోని అతి పాత భవనమని కొందరు పొగడుదురు. ఇది పాతదానిని తలపించు క్రొత్త కట్టడమని మరికొందరందురు. 1965లో నగర ప్రభుత్వము దీనిని రక్షిత కట్టడముగా ప్రకటించెను. ఆ ప్రకటనతో వాదము ఆగలేదు.

ఇంటి సంగతియే కాదు, యజమాని సంగతియు అట్టిదే. సామ్యూల్ ఫ్రాన్సెస్‌ను ఆ కాలపు వారు 'నల్ల శామ్' అని పిలిచెడివారు. అతడు ఆఫ్రికా సంతతివాడని కొందరు, కాడని కొందరు నేటికిని వాదించుచున్నారు. ఊరంతయు ఎరిగిన మనిషి జన్మమును గూర్చియు తిరుగులేని సాక్ష్యము లేదు! అదే ఇంటిలో బుధవారము విచారణకు నిలిచిన బీదవారి పేరును వయస్సును ఓడ పేరును మనము నేడు చదువగలము. వారిని గూర్చి ఒకడు కూర్చుండి వ్రాసెను. అందుచే వారు మిగిలిరి.

1975 జనవరి 24న ఈ ఇంటిలో ఒక తీవ్రవాద బృందము బాంబు పేల్చగా నలుగురు మరణించిరి, 50 మందికి పైగా గాయపడిరి. అప్పటికి రెండు వందల యేండ్ల క్రిందట గుండుదెబ్బ తిన్న ఆ ఇల్లు ఆ దెబ్బనుండియు తేరుకొనెను. దానికి జరిగిన మేలును కీడును ఇప్పుడు వ్రాతలోనున్నవి.

మన పాత హాలు

ఈ చరిత్ర నుండి మేము తెలిసికొన్నది చిన్న సంగతియే. పాత ఇంటిని మార్చుట తప్పు కాదు. మార్చనిదే ఏ ఇల్లును రెండు వందల యేండ్లు నిలువదు. మార్చునప్పుడు ముందెట్లున్నదో వ్రాసియుంచకుండుట తప్పు. ఆ తప్పు గత వేసవిలో మేమే చేసితిమి. పిల్లవాని ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోవుటకు కారణము కాలము కాదు, మా అజాగ్రత్త.

భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నడపుకొను హక్కును మన రాజ్యాంగపు 30వ అధికరణము ఇచ్చుచున్నది. ప్రాథమిక విద్య మాతృభాషలో గరపుటకు తగిన వసతులు కల్పింపవలెనను 350-ఎ అధికరణము 1956లో చేర్చబడినది. హక్కు గ్రంథములో నున్నది. కాని మనము ఇక్కడ ఎన్నాళ్లనుండి ఉన్నాము, ఎవరెవరు కూడి ఈ బడిని నిలిపిరి, ఎందరు పిల్లలు ఇందు తెలుగు నేర్చిరి అని అడిగినవారికి చూపవలసిన కాగితములు మన ఇండ్లలోనే యున్నవి. అటకమీది ట్రంకుపెట్టెలలో, దేవుని గూటి వెనుక, పాత పంచాంగముల నడుమ ఉన్నవి.

వచ్చు సంవత్సరము పాత హాలు కప్పు మరమ్మతు చేయింప సంఘమువారు సంకల్పించినారు. పని మొదలు పెట్టుటకు ముందు ప్రతి గోడను, ప్రతి దూలమును కొలిచి, పటము గీయించి, ఫోటోలు తీయించి ఉంచెదము. మూసిన ద్వారమును మరల ఒకసారి తెరచి చూచెదము. ఇది మేము ఆ బాలునికి ఇచ్చిన మాట.

తల్లిదండ్రులకు మా విన్నపము రెండు విధములు. మీ ఇంట మన పాఠశాలకు సంబంధించిన పాత ఫోటోలు, జాబులు, రసీదులు, తరగతి ధ్రువపత్రములు ఏవియున్నను మాకు చూపుడు. నకలు తీసికొని అసలు మీకే తిరిగి యిచ్చెదము. పోయినదన్న మాట రానీయము.

రెండవది, మీ ఇంటి పెద్దలు ఈ ఊరికి ఎట్లు వచ్చిరో, ఈ బడిలో ఏమి చదివిరో మీ పిల్లలచేత అడిగించి తెలుగులో వ్రాయింపుడు. అక్షరదోషములున్నను సరే, దిద్దుట మా పని. కాగితము మిగిలినంత మాత్రమున చాలదు, దానిని చదువువారు కూడ మిగులవలెను. తాతగారి జాబును విప్పి మనుమడు ఇది ఏ లిపియని అడుగునట్టి దినము మన ఇండ్లకు రాకూడదు. టాల్‌మడ్జ్ మనుమడు తాతగారి వ్రాతను చదువగలిగెను గనుకనే ఆ ఇల్లు నేటికిని నిలిచియున్నది.